దిగుమతి పీట్‌మాస్ బేల్: మిరప నారుకి వాడి చూశాక

నేను కొన్నది కెనడా నుంచి వచ్చిన స్ఫాగ్నమ్ పీట్‌మాస్, అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు. గట్టిగా నొక్కి కట్టిన బేల్. విప్పి పొడి చేస్తే 300 లీటర్లు అవుతుందని సంచి మీద రాసి ఉంది. ప్రోట్రేలకి, అంటే నారు పోసే గుంతల ట్రేలకి వాడే సన్నరకం. సున్నం కలిపి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 నుంచి 6.5 మధ్యకి తెచ్చామని, నీళ్ళు త్వరగా పీల్చుకునేలా మందు కలిపామని కూడా ఉంది. కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీ సంచిలోనైనా ఉండేది అదే నాచు కాబట్టి ఈ మాటలు అన్నిటికీ దాదాపు సరిపోతాయి.

రవాణాతో కలిపి నాకు నాలుగు వేలు దాటింది. అదే డబ్బుకి ఐదు కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మెలు పదిహేను దాకా వస్తాయి. తడిపితే వెయ్యి లీటర్ల పైమాటే. అంత తేడా పెట్టి కొన్నప్పుడు ఆ తేడా నారులో కనపడాలి కదా.

మాది దర్శి దగ్గర. షేడ్‌నెట్ కింద 98 గుంతల ట్రేలలో మిరప నారు పెంచి రైతులకు అమ్ముతాం. మధ్యలో టమాటా, వంగ, అడిగినవాళ్ళకి బొప్పాయి. జూలై, ఆగస్టు మాకు సీజను. ఆ రెండు నెలల్లో చుట్టాలు పెళ్ళి పెట్టుకున్నా మేం భోజనాల వేళకే వెళ్ళి వస్తాం. మా బోరు నీళ్ళ పీహెచ్ ఎనిమిది దాటుతుంది. డ్రిప్పు పైపుల కొసన తెల్లగా పొర కడుతుంది. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, గోదావరి కాలవ నీళ్ళు పెట్టేవాళ్ళ అనుభవం నా అనుభవంతో కలవకపోవచ్చు.

ముందు మంచి చెబుతా. మొలక చాలా బాగుంది. హైబ్రిడ్ మిరప విత్తనం గింజల లెక్కన కొనే రోజులివి. ఒక్క గుంత ఖాళీ పోయినా రూపాయలు పోయినట్టే. పీట్ నింపిన ట్రేలలో మొలకలు ఒకే ఎత్తున, ఒకేసారి లేచాయి. కోకోపీట్‌తో మాకు ఎప్పుడూ ఉండే టెన్షన్ ఉప్పు. సముద్రపు ఒడ్డున పెరిగిన కొబ్బరి పొట్టు సరిగా కడగకుండా దిమ్మె కొట్టి పంపితే ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) పెరిగి ఆకు అంచులు మాడతాయి. పీట్‌లో ఆ బాధ లేదు. నాచు వాన నీళ్ళతో పెరిగింది, దానికి ఉప్పు ఎక్కడిది? నారు పీకినప్పుడు వేళ్ళు అల్లుకున్న ముద్ద విరగకుండా మొత్తంగా వచ్చింది. మా దగ్గర ట్రేలు నింపే పెద్దమ్మ నాలుగు పీకి చూసి, "అయ్యా, ఇది రేటు ఎక్కువని చెప్పి ఆపమాక" అంది. ఆవిడ మెచ్చుకోవడం చాలా అరుదు.

ఇక చెడు. ఆగస్టులో వానలు మొహం చాటేసి నాలుగు రోజులు ఎండ కాసిందంటే ట్రే పై పొర ఎండుతుంది. ఎండిన పీట్ నీళ్ళు తీసుకోదు. రోజ్‌కేన్‌తో పోస్తే నీళ్ళు గోళీల్లా దొర్లి పక్క గుంతలోకి పోతాయి. ఆ కలిపిన మందు మొదటి తడి వరకే. ఒకసారి బాగా ఎండిందా, ట్రేని తొట్టిలో ముంచి కింద నుంచి తాగించాల్సిందే. వందల ట్రేలున్న చోట అది అయ్యే పనేనా? పోనీ ఎండకుండా రోజూ తడుపుదామంటే ఇంకో తలనొప్పి. ముసురు పట్టిన వారంలో లోపలి తడి ఆరనే ఆరదు. నారుకుళ్ళు మొదలైంది, ట్రేల మీద చిన్న నల్ల ఈగలు ముసిరాయి. కుళ్ళుని అణిచే ట్రైకోడెర్మా అనే మేలు బూజు ముందే కలిపి ఉన్నాం కాబట్టి అక్కడితో ఆగింది.

ఇంకో వింత చూశాను. మధ్యాహ్నం రెండింటికి, విప్పిన బేల్ ఎండలో ఉంది. పైన చెయ్యి పెడితే కాలుతోంది. నాలుగు వేళ్ళ లోతుకి దూరిస్తే చల్లగా ఉంది. పొద్దున్నుంచి అంత ఎండలో పడి ఉన్నా వేడి బెత్తెడు లోతుకి దిగలేదు.

మా అక్క కొడుకు కెనడాలో మానిటోబా రాష్ట్రం పైభాగంలో, థాంప్సన్ అనే ఊళ్ళో ఉంటాడు. విన్నిపెగ్ నుంచి ఉత్తరానికి 700 కిలోమీటర్ల పైనే. రోడ్డు పనుల దగ్గర సూపర్‌వైజరు. సంచి ఫొటో పంపి "మీ దేశం సరుకు రా" అంటే వెంటనే ఫోన్ చేశాడు. "మావయ్యా, మేం రోడ్డు వేసేటప్పుడు ఆ నాచుని ముట్టుకోనివ్వరు. తీశామంటే కింద మంచు కరిగి రోడ్డు కుంగుతుంది. దాని మీదే కంకర పోసి ఎత్తు చేస్తాం" అన్నాడు. నేను చెయ్యి పెట్టి చూసిన సంగతి చెబితే, "అదే మావయ్యా, ఇక్కడ నేల కింద మంచుని కాపాడేది కూడా అదే" అన్నాడు. ఆ ఫోన్ తర్వాత నేను రాత్రిళ్ళు కూర్చుని ఈ పీట్ గురించి చదివినంత, మిరప ముడత గురించి కూడా చదవలేదు.

వాడు చెప్పింది నిజం. వరసగా రెండేళ్ళు, అంతకు మించి సున్నా డిగ్రీలకు పైకి రాని నేలని పర్మాఫ్రాస్ట్ అంటారు. ధ్రువం దగ్గర అది అంతటా ఉంటుంది. థాంప్సన్ లాంటి చోట, ఆ చలి దేశాల దక్షిణపు అంచున, అక్కడక్కడ మాత్రమే మిగులుతుంది. అలా మిగిలిన చోట్లలో చాలా వరకు పీట్ నేలలే. కారణం నా షేడ్‌నెట్ కింద నేను తిట్టుకున్న గుణాలే. ఎండాకాలం పై నాచు ఎండి వేడిని లోపలికి పోనివ్వదు. శరత్కాలం వానలకి తడిసి, చలికాలం ఆ తడి గడ్డకడుతుంది. నీటి కంటే మంచు వేడిని సుమారు నాలుగు రెట్లు వేగంగా మోస్తుంది. అందుకని నేలలో ఉన్న వేడి చలికాలమంతా పైకి పోతూనే ఉంటుంది. వేసవిలో తలుపు మూసి, చలికాలంలో తీసినట్టు. దాంతో గాలి సగటు వేడిమి సున్నాకి కాస్త అటూ ఇటూగా ఉన్న చోట కూడా కింద మంచు వేల ఏళ్ళు నిలబడింది. స్వీడన్ ఉత్తరాన అబిస్కో పక్కన స్టోర్‌డాలెన్ అనే పీట్ నేల ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కొలతలు తీస్తున్నది దీన్నే. లోపల మంచు ఉబ్బి పైకి లేపిన పీట్ దిబ్బలు అక్కడ ఉంటాయి. వాటిని పాల్సాలు అంటారు. గాలికి ఆ దిబ్బల మీద హిమం నిలవదు, హిమం దుప్పటి లేక చలి ఇంకా లోతుకి దిగుతుంది.

ఇక ఆ నాచు అక్కడ అంత తేలిగ్గా కుళ్ళదు. పులుపు ఎక్కువ. సున్నం కలపని పీట్ పీహెచ్ నాలుగు దరిదాపుల్లో ఉంటుంది. నీళ్ళు నిండి గాలి ఆడదు, పైగా చలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ నాచుని గాయాలకు కట్టారట. తన బరువుకి ఇరవై రెట్ల దాకా నీళ్ళు పట్టే సరుకు, సూక్ష్మజీవులు పెరగని పులుపు, పట్టీకి ఇంకేం కావాలి? చచ్చిన నాచు మీద కొత్త నాచు, దాని మీద ఇంకోటి. ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకుంటే గొప్ప. మంచు పలకలు వెనక్కి తగ్గిన నాటి నుంచి, సుమారు పది వేల ఏళ్ళుగా ఇదే పని. నా బేల్‌లో ఒక పిడికెడు తీస్తే అది ఏ రాజుల కాలం నాటిదో ఎవరికి తెలుసు.

అలా పేరుకున్న నాచులో ఉన్న కార్బన్ లెక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. భూమి మీద పీట్ నేలలు నేల భాగంలో నూటికి మూడు వంతులే, కానీ ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదాని కంటే ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఉత్తరాది పీట్ నేలలు సుమారు 37 లక్షల చదరపు కిలోమీటర్లు, వాటిలో కార్బన్ సుమారు 41,500 కోట్ల టన్నులు. అందులో సగానికి కాస్త తక్కువ పర్మాఫ్రాస్ట్ ఉన్న పీట్‌లో ఉంది. మామూలు మట్టి నేలలు కూడా కలిపి పర్మాఫ్రాస్ట్ ప్రాంతం మొత్తం తీసుకుంటే, ఇప్పుడు గాలిలో ఉన్న కార్బన్‌కి దాదాపు రెట్టింపు.

ఆ తలుపు ఇప్పుడు సరిగా పడటం లేదు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. 2020 జూన్ 20న సైబీరియాలోని వెర్ఖొయాన్‌స్క్‌లో 38 డిగ్రీలు నమోదైంది. మా దర్శిలో జూన్ నెలలో ఆ లెక్కకి "పర్లేదు, చల్లబడింది" అంటాం. అడవి నిప్పు వస్తే పై నాచు కాలిపోతుంది, కింద మంచుకి కప్పు పోతుంది. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలింది. పీట్‌లోకి దిగిన నిప్పు చలికాలమంతా హిమం కింద రాజుకుంటూ ఉండి వసంతంలో మళ్ళీ పైకి రావడం కూడా ఉందట.

లోపల మంచు కరిగితే దిబ్బ కుంగుతుంది. దాని మీద చెట్లు తలో దిక్కుకి వాలతాయి. గుంట పడి నీళ్ళు నిలుస్తాయి, ఆ నల్లటి నీళ్ళు ఎండని ఇంకా పీల్చుకుని పక్కనున్న మంచుని కూడా తింటాయి. గుంటలో తుంగ జాతి గడ్డి మొలుస్తుంది. ఇక్కడి నుంచి కథ మనకి బాగా తెలిసిందే. మా వియ్యంకులది నెల్లూరు జిల్లా కోవూరు వైపు, పెన్నా డెల్టా వరి. నీళ్ళు నిలిపిన మడిలో కాలు పెడితే బుడబుడమని బుడగలొస్తాయి కదా, అది మీథేన్. గాలి ఆడని బురదలో కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి, వరి కాడలో ఉన్న గాలి గొట్టాల్లోంచి అది పైకి పోతుంది. ఉత్తరాన తుంగ గడ్డి కాడల్లోంచి పోయేదీ అదే గ్యాసు, అదే దారి. స్టోర్‌డాలెన్‌లో కరిగిన పీట్‌లో దొరికిన ఒక మీథేన్ సూక్ష్మజీవికి 2014లో ఆ చోటి పేరే పెట్టారు. మీథేన్ వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై ఎనిమిది రెట్ల దాకా వేడెక్కిస్తుంది, ఇరవై ఏళ్ళ లెక్కన ఎనభై రెట్ల దాకా. ఒక తేడా మాత్రం ఉంది. కోవూరులో ఆరుతడి పెట్టి మడి ఆరగడితే బుడగలు తగ్గుతాయి. అక్కడ ఆరగట్టేవాడు ఎవడు? పైగా పీట్ ఆరితే గాలి తగిలి కుళ్ళి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తడిస్తే ఒకటి, ఆరితే ఇంకొకటి.

రేపే అంతా ఒక్కసారి పేలిపోతుందని భయపెట్టే వీడియోలు చాలా ఉన్నాయి, అవి నేను నమ్మను. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నాటి నివేదిక ప్రకారం ప్రపంచం ఒక్కో డిగ్రీ వేడెక్కితే పర్మాఫ్రాస్ట్ నుంచి 2100 నాటికి సుమారు 1,800 కోట్ల టన్నుల కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి రావచ్చు. అంచనా 300 నుంచి 4,100 కోట్ల మధ్య ఊగుతోంది. కుంగిన గుంటల్లో మళ్ళీ నాచు పెరిగి పీట్ కట్టడం కూడా జరుగుతుంది. అయితే మీథేన్ ముందు వస్తుంది, నాచు పెరిగేది ఆనక, అదీ వందల ఏళ్ళ లెక్కన. 2022లో లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ అధ్యయనం ఇంకో మాట చెప్పింది. మనం ఎంత గట్టిగా పొగ తగ్గించినా, 2040 నాటికి ఉత్తర ఐరోపాలో పర్మాఫ్రాస్ట్ పీట్ నిలిచేంత చలి ఉండకపోవచ్చు. పశ్చిమ సైబీరియాది మాత్రం గట్టిగా తగ్గిస్తే కొంత మిగులుతుంది.

మా వాడి ఊరికి పైన హడ్సన్ బే ఒడ్డున చర్చిల్ అనే రేవు ఉంది. 1929 నుంచి రైలు వెళ్తోంది, దారిలో చాలా భాగం ఈ పీట్ మీదే. పట్టాలు ఎగుడుదిగుడై రైలు నెమ్మదిగా పోవాల్సిందే. 2017లో వరదకి లైను కొట్టుకుపోతే ఏడాది దాటి, 2018 చివరికి గానీ రైలు ఆ ఊరికి చేరలేదు. అక్కడికి వేరే రోడ్డు లేదు.

ఇంత చెప్పి నా బేల్ వల్లే మంచు కరుగుతోందంటే అది అబద్ధం. సంచిలోది పర్మాఫ్రాస్ట్ తవ్వి తెచ్చింది కాదు. కంపెనీలు తవ్వేది దక్షిణాన, క్యూబెక్, న్యూ బ్రున్స్‌విక్, మానిటోబా కింది భాగాల్లో. కాలవలు తీసి నీళ్ళు వార్చి, పై పొర ఎండనిచ్చి, పెద్ద వ్యాక్యూమ్ మెషీన్లతో పీల్చేస్తారు. కెనడా మొత్తం పీట్ నేలలో అది నూటికి ఒక వంతు కూడా కాదు, అందులో చాలా చిన్న ముక్క. తవ్విన చోట మళ్ళీ నాచు పరిచి నీళ్ళు నిలిపే పద్ధతి కూడా వాళ్ళకుంది, బాగానే పనిచేస్తుందట. కాకపోతే వేల ఏళ్ళు కుళ్ళకుండా ఉన్నదాన్ని తెచ్చి మన ఎండలో, మన చవుడు నీళ్ళలో, ఎరువు వేసిన పొలంలో పెడితే కొన్నేళ్ళకే గాలిలో కలిసిపోతుంది. సముద్రాలు దాటించి తెచ్చి చేసే పని అదా అనిపించింది. బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో ఇంటి తోటలకి పీట్ అమ్మకం 2024 నాటికి ఆపుతామని 2022లో ప్రకటించింది. ఆ గడువు చట్టం రాకుండానే దాటిపోయింది. వాళ్ళకైనా పక్కన కొబ్బరి లేదు. మనకి కోనసీమ ఉంది, పొల్లాచ్చి ఉంది. పీచు తీశాక మిగిలే పొట్టు అది, ఎవరూ తవ్వక్కర్లేదు.

ఇక తేల్చేస్తా. ఐదుకి మూడు మార్కులు. సరుకు నాణ్యతకి నాలుగు ఇవ్వొచ్చు. మా ఎండకి, మా నీళ్ళకి, మా ధరకి సరిపడకపోవడంతో ఒకటి తగ్గించాను. మా నీళ్ళతో పోసీ పోసీ నారు అమ్మే వేళకి పీహెచ్ ఎలాగూ ఏడుకి చేరింది. సున్నం కలిపి తగ్గించిన పులుపుకి డబ్బులిచ్చి, మిగతా పులుపుని బోరు నీళ్ళతో పోగొట్టుకున్నట్టైంది. ఖరీదైన క్యాప్సికం విత్తనం, ఫాగర్లు, ఆర్వో నీళ్ళు ఉన్న పాలీహౌస్ వాళ్ళకి ఇది పనికొస్తుంది. మామూలు మిరప నర్సరీకి అక్కర్లేదు. మూడు వంతుల కోకోపీట్‌లో ఒక వంతు పీట్ కలిపి చూశాను, పై పొర ఎండే గొడవ చాలా తగ్గింది. అయితే కడిగిన కోకోపీట్‌తో పోలిస్తే నారులో నాకు కనపడిన తేడా ఏమీ లేదు.

కోకోపీట్ కొనేటప్పుడు కాస్త ధర ఎక్కువైనా కడిగి, కాల్షియం నైట్రేట్‌లో నానబెట్టిన రకమే అడగండి. నమూనా దిమ్మె ఒకటి నానబెట్టి ఈసీ మీటరు పెట్టండి, 1 మిల్లీసీమెన్స్ లోపు ఉంటేనే లోడు దించుకోండి. మీటరు లేదంటే ఆ నీళ్ళు నాలుక మీద ఒక చుక్క వేసుకున్నా ఉప్పు తెలిసిపోతుంది, మా ఆవిడ చేసే పరీక్ష అదే.

నా దగ్గర సగం బేల్ మిగిలింది. నారుకి వాడను. ఒంగోలు చుట్టుపక్కల కుండీల్లో అజేలియా, బ్లూబెర్రీ లాంటి పులుపు నేల అడిగే మొక్కలు పెట్టి పాట్లు పడుతున్నవాళ్ళుంటే సగం ధరకి ఇచ్చేస్తాను. సున్నం కలిపిన రకం కాబట్టి కొంచెం గంధకం మీరే కలుపుకోవాలి. రవాణా మీదే. సంచి మాత్రం తిరిగి ఇవ్వాలి, వానకి విత్తనాల పెట్టె మీద కప్పడానికి అంత మంచి పట్టా బజార్లో దొరకడం లేదు.